మంచం పట్టినవారి పింఛను గురించి సంక్షేమ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. పెట్టుకున్న అర్జీలకు జవాబు రాకపోవడంతో ఇలా అందరి ముందు రాయాల్సి వస్తోంది.

మంచం పట్టిన మా అమ్మకు పింఛను ఆగిపోయింది. వేలిముద్ర పడలేదన్నారు. వయసు మీద పడితే వేళ్ల గీతలు అరిగిపోతాయని మీ సిబ్బందికి తెలియనిది కాదు. అయినా మనిషిని ఆఫీసుకే తీసుకురమ్మంటున్నారు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి, అర్ధరాత్రయినా సరే, ఆమెను పక్కకు తిప్పాలి. అందుకే ఉద్యోగం మానేశాను. మీ ఫారంలో నా వృత్తి దగ్గర 'ఏమీ లేదు' అని రాసుకున్నారు, పోనీలెండి.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 28వ అధికరణం పేద కుటుంబాలకు ఆర్థిక సాయంతో పాటు, చూసుకునేవాళ్లకు కొంత విరామం దొరికే ఏర్పాటు గురించి కూడా చెబుతోంది. విరామం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆగిన డబ్బు బకాయితో సహా ఇప్పించండి. కదలలేనివారి దగ్గరికి సిబ్బందినే పంపండి. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరి పింఛనూ ఆపకుండా ఉత్తర్వులివ్వండి. ఆపక తప్పకపోతే కారణమూ, అప్పీలు చేసుకునే దారీ రాతపూర్వకంగా తెలపండి.

మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
అమ్మను చూసుకుంటున్న ఒక కూతురు