ఒంటరిగా ఉండలేని కుక్కకు తగిన ఇల్లు

సంపాదకులకు నమస్కారం.

వీధుల నుంచి కాపాడిన కుక్కలను దత్తత ఇచ్చే శిబిరాలు హైదరాబాద్‌లో తరచుగా జరుగుతున్నాయి, సంతోషమే. అయితే యజమాని గడప దాటగానే బెదిరిపోయి, ఆగకుండా మొరిగి, తలుపులు గీరి, ఇంట్లోనే మూత్రం పోసే కుక్కలు కొన్ని ఉంటాయని ముందుగా చెప్పకపోతే, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్ట్‌మెంటుకు అటువంటి కుక్క చేరి, ఇరుగుపొరుగు ఫిర్యాదులతో కొద్ది వారాలకే వెనక్కి వస్తుంది. చేతులు మారే కొద్దీ దాని బెదురు ముదరవచ్చు.

ఇది మొండితనం కాదు, కొడితే తగ్గదు. తాళంచెవులు తీసుకుని మళ్లీ కూర్చోవడం, తలుపు దాటి అర నిమిషంలో తిరిగి రావడం, కుక్క కుదురుగా ఉన్నంత మేరకే ఆ వ్యవధిని పెంచడం ద్వారా ఒంటరిగా ఉండటాన్ని మెల్లగా అలవాటు చేసే సాధనకు నెలలు పట్టవచ్చు. సమస్య తీవ్రంగా ఉంటే పశువైద్యులు ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటీన్ వంటి మందు రాస్తారు గానీ, సాధన లేకుండా అదొక్కటే చాలదు. మరో కుక్కను తోడు తెమ్మనే ఉచిత సలహా కూడా చాలాసార్లు పనిచేయదు, బెదిరిన కుక్క వెతికేది మనిషిని.

విశ్రాంత ఉద్యోగులో, ఇంటి నుంచే పనిచేసేవారో ఉన్న ఇళ్లు వీటికి నయం. దత్తత పత్రంలో కుక్క స్వభావాన్ని దాచకుండా రాయాలనీ, ముందు కొన్నాళ్లు తాత్కాలికంగా ఉంచుకుని చూసే వీలు కల్పించాలనీ నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్