ఆర్డర్ తీసుకునే ముందు ఇన్ని ప్రశ్నలెందుకంటే

దసరా దాటింది, స్వెటర్ల ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి చాలామంది ఒకటే మాట: "ఫొటో పంపాం, అడ్వాన్సు ఇస్తామన్నాం, ఇంకా ఈ ప్రశ్నలేంటండీ? టైలర్ కూడా ఇన్ని అడగడు." నిజమే. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, యూట్యూబ్ చూసి సూదులు పట్టినదాన్ని. వీడియోల్లో చెప్పనివి మీ ఆర్డర్లే నేర్పాయి.

ఛాతీ కొలత అడిగితే "మీడియం" అని పంపేస్తారు. అది చాలదండీ. కొలత ఇచ్చాక కూడా ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెడతాను. 22 రావలసిన చోట 20 వస్తే రెండు కుట్లేగా అనిపిస్తుంది. కానీ 220 కుట్లతో అల్లే స్వెటర్ చుట్టుకొలత 100 సెంటీమీటర్లకు బదులు 110 అవుతుంది. నాలుగు అంగుళాల వదులు! ఒకావిడ వాళ్ళాయన కోసం చేయించిన స్వెటర్ ఇలాగే వచ్చింది. ఆయన పాపం బాగుందనే అన్నారు. ఆవిడ మాత్రం "ఇందులో మేమిద్దరం పడతాం" అని తిరిగిచ్చేశారు. మొత్తం విప్పి మళ్ళీ అల్లాను.

పసిపిల్లలకైతే తల కొలత కూడా కావాలి. పుట్టినప్పుడు తల చుట్టుకొలత ఛాతీ కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. మెడ దగ్గర ఆఖరి వరస బిగిస్తే స్వెటర్ ఎంత ముద్దుగా ఉన్నా తల దూరదు, పిల్లాడు ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. ఏడాదిలోపు పిల్లలకు ఇక భుజం మీద గుండీలు పెట్టే అల్లుతాను. మామూలు మెడే కావాలని పట్టుబట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరు ఉతుకుతారు, ఎలా ఉతుకుతారు? కూతురి పురుడుకని న్యూజెర్సీ వెళ్తూ ఒకావిడ నా దగ్గర అసలైన ఊలు స్వెటర్ తీసుకెళ్ళారు. అక్కడ అల్లుడుగారు అన్ని బట్టలతో పాటు దాన్నీ వేడినీళ్ళ వాష్‌లో వేసి, డ్రైయర్‌లో ఆరబెట్టారు. బయటికి తీసేసరికి బొమ్మకి సరిపోయేంత అయింది. ముట్టుకుంటే దళసరి కంబళి ముక్క. ఊలు వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి, మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. అల్లుడుగారి తప్పేమీ లేదు, అక్కడ ఎవరైనా అలాగే ఉతుకుతారు. అందుకే విదేశాలకు వెళ్ళేవన్నీ ఇక సూపర్‌వాష్ ఊలుతోనో (మిషన్‌లో ఉతికినా ఇలా బిగుసుకుపోకుండా తయారుచేసిన ఊలు), నూలుతోనో, అక్రిలిక్‌తోనో అల్లుతాను. అక్రిలిక్‌కి ఒక్కటే షరతు, ఇస్త్రీ పెట్టె తగలకూడదు. వేడికి సాగి జీవం లేనట్టు వేలాడుతుంది.

రంగు గురించి కూడా. ఊలు ఉండ మీది కాగితంలో లాట్ నంబర్ ఉంటుంది, అంటే ఏ విడతలో రంగు అద్దారో చెప్పేది. అది మారితే అదే ఆవ పసుపు రంగు ఇంకో ఛాయలో వస్తుంది. దుకాణం బల్బు కింద తెలియదు, ఎండలో చూస్తే ఒక చెయ్యి వేరే స్వెటర్‌ది అనిపిస్తుంది. అదే లాట్ మళ్ళీ దొరక్కపోవచ్చు, కాబట్టి సగం అల్లాక "ఇంకాస్త పొడుగు పెంచండి" అంటే కుదరదు.

ఇక ధర. రోడ్డు పక్కన టిబెటన్ల దగ్గర ఇంతకంటే చవకగా వస్తాయి కదా అంటారు. వస్తాయి, బాగుంటాయి కూడా. అవి చాలావరకు లూధియానా మిషన్ల మీద తయారైనవి. బడ్జెట్ అదైతే అక్కడే కొనుక్కోండి, నేనేమీ అనుకోను.

మంచి కబురు కూడా ఉంది. జడలా మెలికలు తిరిగే డిజైన్ అల్లడం చేతికొచ్చింది! మొన్నొక స్వెటర్ ముందు భాగం పూర్తవుతుండగా చూస్తే, కింద ఎక్కడో ఒక మెలిక ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగింది. ఒకప్పుడైతే ఏడుపు మింగుకుని అంతా విప్పేసేదాన్ని. ఈసారి ఆ జడలోని ఆరు కుట్లే సూది మీంచి వదిలేసి, ఆ వరస దాకా జారనిచ్చి, మెలిక సరిచేసి, క్రోషే సూదితో ఒక్కో వరసా పైకి ఎక్కించుకుంటూ వచ్చాను. తప్పు ఎక్కడ పోయిందో నాకే కనబడలేదు.

జడ స్వెటర్లు మాత్రం సంక్రాంతి తర్వాతే. డిసెంబర్‌కి కావాలంటే పిల్లల టోపీలు, సాదా స్వెటర్లు చేయగలను. కొలతలు టేపుతో తీసి పంపండి, జానల్లో వద్దు.