క్రాన్‌బెర్రీ పొట్లాలపై ‘యాంటీఆక్సిడెంట్’ ప్రచారం

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఉత్తర అమెరికాలో పండే చిన్న, పుల్లటి ఎర్ర పండ్లయిన క్రాన్‌బెర్రీలు ఎండబెట్టిన రూపంలో ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలో కిస్‌మిస్, జీడిపప్పుల పక్కనే కనిపిస్తున్నాయి. వీటిపై దిగుమతి సుంకం తగ్గించేందుకు 2023 సెప్టెంబరులో మన ప్రభుత్వం అమెరికాతో అంగీకారానికి వచ్చింది గనుక వీటి అమ్మకాలు ఇంకా పెరిగేలా ఉన్నాయి. ఆ పండ్లు రావడంపై నాకు అభ్యంతరం లేదు. పొట్లం ముందువైపు ‘యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణ వల్ల కలిగే నష్టాన్ని అడ్డుకునే పదార్థాలు) పుష్కలం’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి, చక్కెర లెక్కను వెనకవైపు చిన్న అక్షరాల్లో సర్దేసే పద్ధతి గురించే ఈ లేఖ.

క్రాన్‌బెర్రీ ఎరుపు దాదాపుగా తోలులోనే ఉంటుంది. తాజా పండును కోసి చూస్తే లోపల తెల్లటి కండ, గాలి నిండిన నాలుగు చిన్న గదులు కనిపిస్తాయి. తోలుకు ఆ రంగునిచ్చే, యాంటీఆక్సిడెంట్లుగా పేరున్న ఆంథోసయనిన్లు, ముఖ్యంగా సయనిడిన్, పియోనిడిన్ వర్గానికి చెందినవి, అన్ని రకాల్లోనూ ఒకే మోతాదులో ఉండవు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం హార్విచ్‌లో పందొమ్మిదో శతాబ్దంలో ఎంపికైన ‘ఎర్లీ బ్లాక్’ రకం పండు చిన్నది, రంగు బాగా ముదురు. 1950లో విడుదలైన ‘స్టీవెన్స్’ పండు పెద్దది, దిగుబడి ఎక్కువ కాబట్టి అక్కడి విస్కాన్సిన్ రాష్ట్ర రైతులు దానివైపు మొగ్గారు. అయితే పండు పెద్దదైనకొద్దీ బరువులో తోలు వాటా తగ్గి, రంగు పదార్థం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఒకే తోటలో సైతం తీగల చాటున ఉన్న పండు కంటే ఎండ తగిలిన పండే ఎర్రబడుతుంది. ఇన్ని తేడాలున్న పంటను ‘క్రాన్‌బెర్రీ’ అనే ఒక్క పేరుతో పొట్లం కట్టి, అన్నిటికీ ఒకే గుణం అంటగట్టడం న్యాయం కాదు.

పైగా రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన యాంటీఆక్సిడెంట్ శక్తి అదే నిష్పత్తిలో ఉంటుందని చెప్పలేం. రంగు కనిపించని ఫ్లేవనాల్స్, ప్రోయాంథోసయనిడిన్లు అనే మొక్కల రసాయనాలు, సి విటమిన్ కూడా ఆ కొలతలో చేరతాయి. ఆ కొలత కూడా పరీక్షనాళికలో తీసేదే; పరీక్ష మారితే అంకె మారుతుంది. మనం తిన్న ఆంథోసయనిన్లలో చాలా కొద్ది భాగమే మారకుండా రక్తంలోకి చేరుతుంది. ఇటువంటి అంకెలను వ్యాపార ప్రకటనలు దుర్వినియోగం చేస్తున్నాయనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెల్లో చూపే తన ‘ఒరాక్’ పట్టికను ఉపసంహరించుకుంది. అక్కడివారే పక్కన పెట్టిన వాదనను ఇక్కడ పొట్లాలపై మోయడం నాకు బాధ కలిగిస్తోంది.

చక్కెర సంగతి ఇంకా ముఖ్యం. తాజా క్రాన్‌బెర్రీ వంద గ్రాముల్లో చక్కెర సుమారు 4 గ్రాములే. అందుకే అంత పులుపు. సాధారణంగా ఎండు పండు తయారీలో ముందు పండును కోసి రసం తీసేస్తారు, తర్వాత చక్కెర పాకం పట్టించి ఆరబెడతారు. రసంతోపాటు రంగులో కొంత పోతుంది, వేడికి మరికొంత క్షీణిస్తుంది. చివరికి వంద గ్రాముల్లో చక్కెర 70 గ్రాముల దాకా చేరుతుంది. ఆరోగ్యానికి మంచిదని పిల్లలకు గుప్పెడు, అంటే 30 గ్రాములు, పెట్టే తల్లి తెలియకుండానే ఐదు చెంచాల చక్కెర పెడుతోంది. మధుమేహం ఇంత విస్తరించిన మన రాష్ట్రాల్లో ఇది చిన్న విషయం కాదు.

మూత్రనాళ ఇన్ఫెక్షన్ల విషయంలో క్రాన్‌బెర్రీకి కొంత ఆధారం ఉన్న మాట నిజమే. కానీ 2020లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఆరోగ్య ప్రకటన కూడా, తరచుగా ఆ ఇన్ఫెక్షన్ వచ్చే ఆరోగ్యవంతులైన మహిళలకే పరిమితం. ఆధారాలు పరిమితమైనవన్న మాట ఆ ప్రకటనలోనే ఉండాలి. అదీ కొన్ని రసం పానీయాలకు, సప్లిమెంట్లకే గాని, పాకం పట్టిన ఎండు పండ్లకు కాదు.

ప్రకటనలు, ఆరోగ్య వాగ్దానాలపై మన దేశ ఆహార భద్రత నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే నిబంధనలు తెచ్చింది. వాటి కింద ఈ పొట్లాలను పరిశీలించాలి. ‘యాంటీఆక్సిడెంట్’ అన్న మాట ముందువైపు వాడదలచిన సంస్థ, ఆ పొట్లంలోని సరుకులో ఆంథోసయనిన్లు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో, కలిపిన చక్కెర ఎన్ని గ్రాములో, రెండూ ఆ మాట పక్కనే అంతే పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా ముద్రించాలని షరతు పెట్టాలి. తాజా పండుపై జరిగిన పరిశోధనను ఎండు పండుకు సాక్ష్యంగా చూపడాన్ని అనుమతించకూడదు. మన వాక్కాయ, నేరేడు పండ్లలో కూడా ఆంథోసయనిన్లు ఉన్నాయి. వాటితో చేసిన స్క్వాష్‌లు, జామ్‌లు అమ్మేవారికీ ఇదే నియమం వర్తింపజేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
వరంగల్