ఫోన్‌లోంచి పాట మార్చగలను, కానీ ఫోన్ రాగానే మార్చను

నల్గొండ, మిర్యాలగూడ, నకిరేకల్, దేవరకొండల్లో మన షాప్ రేడియో పెట్టుకున్న వాళ్లకూ, అందులో యాడ్స్ ఇస్తున్న వాళ్లకూ ఒక విషయం చెప్పాలి. నడుస్తున్న పాటల లిస్టును ఇప్పుడు నేను ఎక్కడున్నా మార్చగలుగుతున్నాను. ఇంతకుముందు నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి మన రేడియో రూముకు పోయి కంప్యూటర్ ముందు కూర్చుంటే తప్ప ఒక్క యాడ్ కూడా కదిలేది కాదు, ఇప్పుడు హైదరాబాద్ బస్సులో కూర్చుని కూడా పని అయిపోతుంది. నేను చెప్పకముందే ఈ సంగతి మీలో మీకు తెలిసిపోయింది, ఇక ఫోన్లు మొదలు. "అన్నా, గిరాకీ ఉన్నప్పుడు ఆ ఏడుపు పాటేంది, తీసెయ్." "అన్నా, షాపు నిండా జనం ఉన్నరు, మా యాడ్ ఇప్పుడే వెయ్యి." అందుకే ఏది వెంటనే అవుతుంది, ఏది కాదు, అయ్యే పనే అయినా ఏది నేను చెయ్యను అన్నది రాసి పెడుతున్నాను.

కొత్తగా చేరిన వాళ్ల కోసం ఒక మాట. మనది ఎఫ్‌ఎం కాదు. "ఏ నంబర్ మీద వస్తది" అని ఇప్పటికీ అడుగుతున్నారు, ఏ నంబర్ మీదా రాదు. ఎఫ్‌ఎంకి కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి, ప్రైవేటు వాళ్లయితే వేలంలో పాడుకోవాలి, అది నా జేబుకు అందే పని కాదు. మనది ఇంటర్నెట్‌లో వచ్చే స్ట్రీమ్, అంటే పాటలు నెట్ మీద ఎడతెగకుండా వస్తుంటాయి. మీ షాపులోని ఆండ్రాయిడ్ బాక్స్ దాన్ని అందుకుని స్పీకర్‌కి ఇస్తుంది, అంతే.

రూములోని కంప్యూటర్‌లో నడిచేది రేడియోడీజే అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పాటలు, యాడ్స్, జింగిల్స్ (మధ్యమధ్యలో వచ్చే చిన్న మ్యూజిక్ ముక్కలు) వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. పొద్దున షట్టర్ ఎత్తే వేళకు భక్తి పాటలు, మధ్యాహ్నం పాత పాటలు, సాయంత్రం గిరాకీ టైముకు హుషారైనవి, ఎన్ని పాటలకొకసారి యాడ్ బ్రేక్ రావాలి, అదే పాట మళ్లీ ఎంతసేపటి దాకా రాకూడదు, ఇవన్నీ ముందే చెప్పి పెడితే అది వరుస తయారు చేసుకుంటూ పోతుంది. లైవ్‌లో మార్చడం అంటే ఆ రాబోయే వరుసలో చెయ్యి పెట్టడం. చిక్కు ఎక్కడంటే, ఒక పాట మోగుతుండగానే దాని వెనక పాట ఇంకో ప్లేయర్‌లో ఎక్కి సిద్ధంగా ఉంటుంది. ఈ పాట సౌండ్ తగ్గుతుండగా ఆ పాట మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ రాకూడదు కదా. కాబట్టి మోగుతున్న పాటనూ దాని తర్వాతి పాటనూ నేను ముట్టుకోను. ముట్టుకోలేక కాదు. దూరం నుంచి, అదీ ఫోన్ సిగ్నల్ మీద, పాతది దించి కొత్తది ఎక్కించే లోపల నెట్ పోయిందంటే ఒక్క షాపు కాదు, అన్ని షాపులూ ఒకేసారి మూగబోతాయి. హైదరాబాద్ బస్సు నార్కట్‌పల్లి దాటాక నల్గొండ బస్టాండులో చెయ్యి ఊపితే ఆగదు గదా, ఇదీ అంతే. వెంటనే మార్చాల్సిన పని అయినా మూడో పాట నుంచే మారుస్తాను.

నేను మార్చినా మీకు అప్పుడే వినపడదు. పాట మా కంప్యూటర్ నుంచి ఐస్‌కాస్ట్ సర్వర్‌కి (అన్ని షాపులకూ స్ట్రీమ్ పంచేది), అక్కడి నుంచి మీ బాక్స్‌కి రావాలి. కొత్తగా కనెక్ట్ అయిన ప్రతి బాక్స్‌కీ ఆ సర్వర్ ముందే కొంత డేటా ఒక్కసారిగా పంపేస్తుంది, మామూలు సెట్టింగ్‌లో 65,535 బైట్లు. మన 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) స్ట్రీమ్ లెక్కన అది సుమారు 4 సెకన్ల పాట, అంటే అంత వెనకగా మీకు వినపడుతుంది. దాని మీద మీ బాక్స్ తను కూడా ఇంకొంత పాట నిల్వ పెట్టుకుని వేస్తుంది, అది ఒక్కో బాక్స్‌లో ఒక్కో రకం. ప్రకాశం బజార్‌లో ఎదురెదురు షాపుల్లో అదే పాట ఒకరి దగ్గర ముందు, ఒకరి దగ్గర వెనక వస్తుందని, గుడి మైకు లెక్క ఉందని కంప్లైంట్ ఉంది. నిజమే. దాన్ని పూర్తిగా సరిచేసే మార్గం నా దగ్గర లేదు, ఇద్దరూ వీధి వైపు స్పీకర్ కొంచెం తగ్గించుకోండి.

"ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే అయిపోయేదానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టింది" అని ఒక అన్న అడిగాడు. ఎందుకంటే దూరం నుంచి కంప్యూటర్ నడిపేందుకు విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్‌ది ఒక అలవాటు ఉంది, మనం దూరం నుంచి కనెక్ట్ అవ్వగానే ఆ కంప్యూటర్ శబ్దాన్ని మన చేతిలోని మెషీన్‌కి లాక్కొస్తుంది. ఆఫీసు పనికి అది సౌకర్యం, రేడియోకి మాత్రం చావు. పాటలు నాకు ఇంట్లో వినపడతాయి, మీ షాపుల్లో ఏమీ ఉండదు. శబ్దాన్ని అక్కడే ఉంచమని సెట్టింగ్ ఉంది కానీ కొత్త ఫోన్ నుంచి ఎక్కిన ప్రతిసారీ అది గుర్తుపెట్టుకోవాలంటే టెన్షన్. ఇంకోటి, మన దగ్గర దొరికే చాలా ఫైబర్ కనెక్షన్లలో మనకంటూ సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మన అడ్రసు) ఇవ్వరు, ఒక్క అడ్రసును చాలామంది కస్టమర్లు పంచుకుంటారు, కాబట్టి బయటి నుంచి నేరుగా మన కంప్యూటర్‌కి దారి ఉండదు. ఉన్నా ఆ దారి తెరిచి పెట్టడం మంచిది కాదు, అలా తెరిచిన దారుల (పోర్టుల) కోసం ఇంటర్నెట్‌లో వెతికే వాళ్లు రాత్రింబవళ్లూ ఉంటారు. చివరికి టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. మా కంప్యూటరూ నా ఫోనూ లోపలి నుంచే బయటికి వెళ్లి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి, మధ్యలో వెళ్లేదంతా ఎన్‌క్రిప్ట్ అయి, వేరేవాళ్లు చదవలేకుండా ఉంటుంది. స్క్రీన్ మొత్తం లాగకుండా లిస్టు ఒక్కటే మార్చే పేజీ ఒకటి చేయించుకున్నాను. సిగ్నల్ ఒక గీత ఉన్నా పని నడుస్తుంది.

ఇంత కష్టం ఎందుకు పడ్డానో పాత కస్టమర్లకు గుర్తుండే ఉంటుంది. 2024 డిసెంబర్ 26 రాత్రి మన్మోహన్ సింగ్ గారు పోయారు, ఏడు రోజుల సంతాపం ప్రకటించారు. అది సరిగ్గా న్యూ ఇయర్ ఆఫర్ల వారం. కేకుల యాడ్స్, డీజే పాటలు, "ధూమ్‌ధామ్ సేల్" అని అరిచే జింగిల్స్, అన్నీ అప్పటికే వరుసలో ఉన్నాయి, రూముకు పోతే తప్ప తీయలేని రోజులవి. కొందరు అన్నీ ఆపేయమన్నారు, కొందరు మా సరుకు పాడైపోతుంది, యాడ్ ఉంచి పాటలు మార్చమన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. ఇలాంటి రోజున ఎవరినీ అడగకుండా హుషారు పాటలు, అరుపుల జింగిల్స్ నేనే తీసేస్తాను. యాడ్ మాత్రం మామూలు గొంతుతో, వెనక మ్యూజిక్ లేకుండా ఉంటుంది. అందుకని ప్రతి యాడ్‌కీ మ్యూజిక్ లేని కాపీ ఒకటి ఇకపై ముందే చేసి పెడుతున్నాను, దానికి అదనంగా డబ్బులేం అడగను.

మిగతా రోజుల్లో ఇట్లా. ధర మారింది, సరుకు అయిపోయింది, ఆఫర్ ముగిసింది, ఇంట్లో ఎవరైనా పోయి షాపు మూసేశారు, ఇలాంటివైతే ఎప్పుడైనా మెసేజ్ పెట్టండి, నేను చూడగానే ఆ తర్వాతి యాడ్ బ్రేక్ నుంచి మారిపోతుంది. పాట నచ్చలేదు, ఫలానా హీరో పాటలు ఎక్కువయ్యాయి, ఇవి మరుసటి రోజుకే. ఒకరికి ఏడుపు పాట అయింది ఇంకొకరు అడిగి పెట్టించుకున్నదే, ఫోన్ చేసిన వాళ్ల మాటే వింటే ఫోన్ చెయ్యని వాళ్లకు అన్యాయం. ఎక్కువ డబ్బులిస్తాం, మా యాడ్ ఇప్పుడే మధ్యలో వెయ్యి అంటే అసలే వద్దు. బ్రేక్‌లో ముందు వరుస కొనుక్కున్న వాళ్లు ఉన్నారు, వాళ్ల ముందు దూరిస్తే రేపు వాళ్లకు ఏం చెప్పాలి?

అసలు ఎక్కువ తగువు ఇంకొక దాని మీద. "మా బట్టల షాపులో పక్క బట్టల షాపు యాడ్ వస్తుంది, దాన్ని మా దగ్గర రాకుండా చెయ్యి." చెయ్యలేను. ప్రస్తుతం యాడ్స్ ఉన్న ప్లాన్‌లో అందరికీ వెళ్లేవి అవే పాటలు, అవే యాడ్స్. మిర్యాలగూడలో రైస్ మిల్లు స్పేర్ పార్టుల యాడ్ దేవరకొండ స్వీట్ షాపులో మోగడం నాకూ బాధగానే ఉంది. ఊరికొక స్ట్రీమ్ విడదీయాలని చూస్తున్నాను, ముందు మిర్యాలగూడ. అప్పుడు కూడా ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు బట్టల వాళ్లు ఒకరి యాడ్ ఒకరు వినాల్సిందే. అది వద్దనుకునే వాళ్లు యాడ్స్ లేని ప్లాన్ తీసుకోండి. నెలకు కొంచెం ఎక్కువే, కానీ మనశ్శాంతి.

డేటా లెక్క చాలామంది అడుగుతున్నారు. 128 కేబీపీఎస్ అంటే గంటకు సుమారు 58 ఎంబీ, పన్నెండు గంటలకు 700 ఎంబీకి కొంచెం తక్కువ. మొబైల్ డేటా మీద నడిపే వాళ్లు చెబితే సగం డేటాకే వచ్చే స్ట్రీమ్‌కి మారుస్తాను, పెద్ద స్పీకర్లు ఉంటేనే తేడా తెలుస్తుంది. షాపులో పాటలు వెయ్యడానికి కావాల్సిన మ్యూజిక్ లైసెన్సుల సంగతి మీ అగ్రిమెంట్ కాగితంలో ఉంది, అది మారలేదు. రేట్లూ మారలేదు.

మరుసటి రోజు మార్పులు ఏవైనా సాయంత్రం ఏడు లోపల వాట్సాప్‌లో రాసి పంపండి, వాయిస్ మెసేజ్ వద్దు, బజారు చప్పుడులో ధరలు సరిగ్గా వినపడట్లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఆరు నుంచి ఏడు దాకా స్టాండ్‌బై కంప్యూటర్‌ని (అసలుది ఆగితే దాని బదులు నడిచేది) టెస్ట్ చేస్తున్నాను, ఆ గంట మీ బాక్స్ తనలో దాచుకున్న పాటలే వేస్తుంది, యాడ్స్ రావు. ఆ గంటలో పోయిన యాడ్స్‌ను సోమవారం అదే టైముకు కలిపి వేస్తాను.