సున్నా వేరు, ఖాళీ వేరు

అనంతపురం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రమా,

ఏమప్పా, ఎట్లున్నావు? చెల్లెమ్మ, పాప బాగున్నారా? కడపలో ఎండలు తగ్గాయా? ఇక్కడ నిన్న రాత్రి మంచి వాన పడింది. పొద్దున లేచేసరికి వేపచెట్టు కింద మట్టంతా చల్లగా ఉంది. ఈ పూట పనేమీ పెట్టుకోలేదు, నీకు తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "కంప్యూటర్లో అంకెలు కొడితే క్షణంలో గ్రాఫ్ వచ్చేస్తుంది గదా, మా పాప రెండు గంటలు పెన్సిలు, స్కేలు పట్టుకొని కూర్చోవడం దేనికి?" అన్నావు. ఆ పూట నేను బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతున్నాను, దీనికి జవాబు నా దగ్గర ఉండాలి. ఈ ఏడాది మా క్లాసులో జరిగిన రెండు సంగతులు చెబుతాను. నా జవాబు వాటిలోనే ఉంది.

మనం చదువుకున్న రోజులు గుర్తున్నాయా? గ్రాఫ్ అంటే మనకు మార్కులే. పైన కుడి మూలలో స్కేలు రాసి, చుక్కలు పెట్టి, గీత గీసి, ఆ కాగితాన్ని జవాబు పత్రానికి దారంతో కట్టేవాళ్ళం. ఆ గీత ఏం చెబుతోందని ఒక్కరూ అడగలేదు, మనమూ అడగలేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఐదారేళ్ళు అట్లాగే చెప్పాను. పిల్లలు ముత్యాల్లాంటి గ్రాఫులు గీసేవాళ్ళు. "దీంట్లో నీకేం తెలిసింది?" అంటే తల దించుకునేవాళ్ళు.

ఈసారి ఏడో తరగతిలో దత్తాంశ నిర్వహణ (అంకెలు సేకరించి, పట్టికలో, గ్రాఫ్‌లో పెట్టడం) పాఠం మొదలుపెట్టినప్పుడు పుస్తకంలోని పట్టిక పక్కన పెట్టాను. "ఈ పొద్దు మీరేం తినొచ్చారో లెక్క తీద్దాం" అన్నాను. ఉగ్గాణి, చిత్రాన్నం, దోశ, ఇడ్లీ, సద్ది అని ఐదు వరుసలు బోర్డు మీద నేనే గీశాను. ఒక పిల్లకు సుద్దముక్క ఇచ్చాను. ఒక్కో పేరు చెప్పడం, చేతులెత్తడం, ఆ పిల్ల గణన చిహ్నాలు వేయడం. నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టాలి గదా. చాలామంది ఐదూ నిలువుగా గీసి ఆరోది అడ్డం కొడతారు, అక్కడే లెక్క తప్పుతుంది. ఆ పిల్ల మాత్రం చక్కగా వేసింది.

ఉగ్గాణి 9, చిత్రాన్నం 8, దోశ 6, ఇడ్లీ 5, సద్ది 3. కూడితే 31. ఆ రోజు హాజరు 38.

లెక్క తప్పింది అనుకున్నాను. మళ్ళీ చేతులెత్తమన్నాను. మళ్ళీ 31. "ఎవరో చేయి ఎత్తడం లేదు, మాటలు ఆపి సరిగ్గా ఎత్తండి" అని కొంచెం గట్టిగానే అన్నాను. అప్పుడు రెండో బెంచీలోంచి ఒక పిల్లోడు మెల్లగా, "తినకుండా వచ్చినోళ్ళు ఏ వరుసలోకి వస్తారు సార్?" అన్నాడు.

ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు. ఏడుగురు. బుడ్డల (వేరుశనగ) చేలల్లో కలుపు తీసే పనుల కాలం అది. అమ్మలు తెల్లవారకముందే కూలికి ఆటో ఎక్కేస్తారు, పిల్లలు తమంతట తామే తయారై బడికి వస్తారు. మధ్యాహ్న భోజనమే వాళ్ళకు మొదటి ముద్ద. ఐదు వరుసలు గీసిన నాకు ఆరో వరుస ఒకటి ఉంటుందని తట్టలేదు. ఆ పట్టికను అట్లాగే గ్రాఫ్ చేసి ఉంటే ఎంత అందంగా వచ్చేదో. ఐదు కమ్మీలు (బార్లు), రంగులు, కింద పేర్లు. ఆ ఏడుగురు ఆ బొమ్మలో ఎక్కడా ఉండేవాళ్ళు కాదు.

ఆరో వరుస గీశాను, "ఏమీ తినలేదు" అని రాశాను. సాయంత్రం మా హెడ్మాస్టరు గారితో కూర్చొని ఆ పిల్లల సంగతి మాట్లాడాను. పొద్దున పూట వాళ్ళకు ఏదో ఒకటి అందేలా చూస్తున్నాం. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఇట్లాంటి విషయాలు చేతులెత్తించి అడగకూడదు. పది మందిలో ఆకలి సంగతి చెప్పుకోవడం పిల్లలకు ఎంత కష్టం! ఇప్పుడు చిన్న చీటీల మీద పేరు లేకుండా రాయిస్తాను, వాటినే లెక్కపెడతాం. కూడిక మాత్రం ప్రతిసారీ హాజరుతో సరిచూడాల్సిందే.

రెండో సంగతి వానది. మన జిల్లాలో వాన అంటే ఊరంతా ఆకాశం వైపు చూసే వ్యవహారం గదా, అందుకే జూన్‌లో బడి తెరవగానే పిల్లల చేత వానమాపకం చేయించాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకొని పైభాగం కోసి, దాన్నే తలకిందులు చేసి గరాటులాగా పెట్టాం. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది, అక్కడి నుంచి కొలిస్తే తప్పు వస్తుంది. అందుకని అడుగున గులకరాళ్ళు వేసి, సీసా గోడ నిటారుగా మొదలయ్యే చోటు దాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా అని గీత పెట్టాం. గులకరాళ్ళ బరువుకు సీసా గాలికి పడదు కూడా. సున్నా ఎక్కడుండాలో మనమే నిర్ణయించుకోవడం పిల్లలకు భలే నచ్చింది. "సున్నా అంటే అడుగున ఉండాలి గదా సార్, మధ్యలో పెట్టారేంది?" అని వాదించిన వాళ్ళు కూడా ఉన్నారు.

వాతావరణ శాఖ వాళ్ళు రోజూ ఉదయం 8.30కి కొలత తీస్తారు. మేం ప్రార్థనకు ముందు, 9 గంటలకు చూసేవాళ్ళం. చూసి, పెరిగిన నీళ్ళు పారబోసి, మళ్ళీ సున్నా గీతకు తెచ్చి పెట్టడం. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీళ్ళని చెబితే పిల్లలు నమ్మలేదు. లెక్క చేయించాను. మా తరగతి గది కప్పు 8 మీటర్లు పొడవు, 6 మీటర్లు వెడల్పు. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క కప్పు మీదే 480 లీటర్లు! ఆ తర్వాత సీసాలో నీళ్ళు వేలెడు కూడా లేకపోయినా దాన్ని చూసే చూపే మారిపోయింది.

రెండు నెలల కొలతలు చేతికి వచ్చాక సోమ, మంగళ అని వారంలో ఏ రోజుకు ఆ రోజు కూడి గ్రాఫ్ గీశారు. పుస్తకంలో కమ్మీ రేఖాచిత్రం అంటాం, పిల్లలకు బార్ గ్రాఫే అలవాటు. ఏం తేలిందో తెలుసా? అన్నిటికన్నా ఎత్తైన కమ్మీ సోమవారానిది! "సార్, మనూర్లో సోమవారమే వాన ఎక్కువ" అని రాసేశారు. ఒకడు శివుడి వారం గదా అని కారణం కూడా చెప్పాడు. క్లాసంతా ఒప్పుకుంది. నేనేమీ అనలేదు, గ్రాఫ్ గోడకు అంటించమన్నాను.

రెండు రోజులు ఊరికే చూశారు. మూడో రోజు ఒక పిల్ల లేచి, "ఆదివారం కింద అన్నీ సున్నాలే ఉన్నాయి సార్. మొన్న ఆదివారం మా ఇంటి ముందు నీళ్ళు నిలిచినాయి గదా?" అంది. అప్పుడు బయటపడింది. ఆదివారం బడి లేదు, సీసా ఎవరూ చూడలేదు. పట్టిక ఖాళీగా ఉంటే బాగుండదని రాసే పిల్లోడు సున్నా పెట్టాడు. సోమవారం పొద్దున సీసాలో ఉన్నవి రెండు రోజుల నీళ్ళు!

మిత్రమా, నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అంతకన్నా మంచి క్లాసు జరగలేదు. సున్నా అంటే చూశాం, వాన లేదు. ఖాళీ అంటే చూడలేదు, ఉందో లేదో తెలియదు. ఈ తేడాను వాళ్ళే పట్టుకున్నారు. సున్నాలన్నీ కొట్టేసి చిన్న అడ్డగీతలు పెట్టారు, సోమవారం కమ్మీ కింద "రెండు రోజులది" అని రాశారు. బడి పక్కింటి పిల్లోడు ఇప్పుడు ఆదివారం కూడా గోడ దూకి వచ్చి కొలత తీస్తున్నాడు. వాన కొలతను బట్టి బుడ్డల పంటకు బీమా లెక్కకట్టిన జిల్లాలో పెరిగే పిల్లలు వీళ్ళు. ఈ తేడా వీళ్ళకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. అవే అంకెలు కంప్యూటర్లో కొట్టి ఉంటే ఆదివారం సున్నాతో సహా చక్కటి గ్రాఫ్ వచ్చి ఉండేది. ఆదివారం సీసా ఎవరు చూశారని అది అడగదు. ఒక్కో కమ్మీ చేత్తో గీసిన పిల్ల, ఆదివారం దగ్గరికి వచ్చేసరికి గీయడానికి ఏమీ లేక ఆగింది. అంకె అంకెకూ కొంచెం సేపు ఆగాల్సి రావడమే చేత్తో గీయడంలో ఉన్న లాభం. ఎనిమిదో తరగతి దాటాక కంప్యూటర్లోనే చేసుకోనీ, నేనే నేర్పిస్తాను.

అసలు బార్ గ్రాఫ్ పుట్టిందే అంకెలు దొరక్క! విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ ఆయన 1786లో వ్యాపార లెక్కల మీద ఒక పుస్తకం వేశాడు. ఏ ఏడు ఎంత ఎగుమతి, ఎంత దిగుమతి అని ఏళ్ళ వెంబడి గీతలు గీశాడు. స్కాట్లాండ్ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు 1781 ఒక్క ఏడాది లెక్కే దొరికింది. ఒక్క ఏడాదితో గీత ఎట్లా సాగుతుంది? తెలియని ఏళ్ళకు ఊహించి చుక్కలు పెట్టలేదు. 17 దేశాలతో జరిగిన వ్యాపారాన్ని దేశానికింత అని కమ్మీలుగా వేశాడు. 1801లో గుండ్రటి బొమ్మను ముక్కలుగా చేసి చూపే పై (pie) చార్టు తెచ్చిందీ ఆయనే. ఈ కథ చెబితే పిల్లలు, "మనవాళ్ళెవరూ లేరా సార్?" అన్నారు. సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి గురించి చెప్పాను. 1920లో అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు, మన పక్కనే. సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో వచ్చింది, అప్పటికి ఆయనకు 102 ఏళ్ళు. పిల్లలు మ్యాపులో హడగలి వెతికి పట్టుకున్నారు.

ఎనిమిదో తరగతి వాళ్ళు సోపాన చిత్రంలో (హిస్టోగ్రామ్‌లో) కమ్మీలు ఎందుకు ఆనుకొని ఉంటాయని అడుగుతారు. ఉగ్గాణికీ దోశకూ మధ్య ఏమీ లేదు, అందుకే అక్కడ సందు. 140 సెంటీమీటర్లకూ 145కూ మధ్య అన్ని ఎత్తుల పిల్లలూ ఉంటారు, సందు వదిలితే ఆ పిల్లలు లేరన్నట్టే గదా అంటాను. ఆ మాట చాలు వాళ్ళకు.

పాపకు ఇంకో పని చెప్పు. ఈ మధ్య ఒక ప్రైవేటు స్కూలు కరపత్రం మా పిల్లలు పట్టుకొచ్చారు. పేరెందుకులే. మూడేళ్ళ ఉత్తీర్ణత 92, 94, 95 శాతం. గ్రాఫ్‌లో మూడో కమ్మీ మొదటిదానికి రెండున్నర రెట్లు ఎత్తుంది! చూస్తే, నిలువు గీత 90 దగ్గర మొదలైంది. సున్నా నుంచి మళ్ళీ గీయించాను. మూడు కమ్మీలూ దాదాపు సమానం. కరపత్రాలు చూసి పిల్లలను చేర్పించే అమ్మానాన్నలను తలుచుకుంటే నాకు కోపం, బాధ రెండూ వచ్చాయి. అంకెలు నిజమే రాసి బొమ్మతో మోసం చేయడం ఘోరం. పాపను పేపర్లో కనబడే ప్రతి గ్రాఫ్ కింద సున్నా ఉందో లేదో చూడమను.

మీ ఇంటి కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి దాచావా? వాటితో పాప చేత గ్రాఫ్ గీయించు. పోయిన నెల బిల్లు కనబడకపోతే ఆ చోటు ఖాళీగానే వదలమను, నువ్వు గుర్తుచేసుకొని సుమారుగా ఏదో అంకె చెప్పబాకు. గీశాక ఫోటో తీసి పంపు, మా పిల్లలకు చూపిస్తాను.

దసరాకు వస్తారు గదా? పాపను తప్పకుండా తీసుకురా, మా సీసా చూపిస్తాను. అప్పటికి సెప్టెంబరు కొలతలు కూడా చేతికొస్తాయి. మా అనంతపురంలో ఏడాదిలో ఎక్కువ వాన పడేది ఆ నెలలోనే గదా, పిల్లలు నెలల వారీ గ్రాఫ్‌లో ఆ కమ్మీ కోసం కాగితంలో పైన చాలా చోటు వదిలి కూర్చున్నారు. కొత్త బుడ్డలు వచ్చాక ఒక సంచి బస్సులో వేస్తాను, చెల్లెమ్మకు చెప్పు.

నీ మిత్రుడు.