అన్యభాషలు రాలేదని ఏడ్చిన మా చిన్నికి

చిన్నీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నేనూ మీ నాన్నా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయన టీవీ పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నా.

ఉద్యోగం మానేసి ఒడిశాలో రాయగడ వైపు మిషన్ క్లినిక్‌కి నర్సుగా వెళ్తానన్నావు. దానికి భయమేసింది. మూడు రోజుల ఉపవాస కూటంలో అందరికీ అన్యభాషలు (పరిశుద్ధాత్మ ఇచ్చే, నేర్చుకోని భాషలో మాట్లాడే వరం) వచ్చాయి, నాకొక్కదానికే రాలేదు, అసలు నాకు దేవుడి పిలుపు ఉందా అని ఏడ్చావు. దానికి మాత్రం కోపమొచ్చింది. నీ మీద కాదులే.

ఈ సంగతి మీ నాన్నకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక కూటంలో నా తలమీద చెయ్యి పెట్టి "నోరు తెరువు, తెరువు" అంటూ వదలకుండా నిలబడ్డారు. మోకాళ్లు నొప్పి, కడుపులో ఆకలి. చివరికి పక్కావిడ అంటున్న శబ్దాలనే అటూ ఇటూ మార్చి నేనూ అనేశాను. అందరూ "స్తోత్రం" అని కేక పెట్టారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆ వరం అబద్ధమని అనడం లేదు. మా మేనత్త వంటింట్లో ఒక్కతే ప్రార్థన చేసుకుంటుంటే విన్నాను, అది వేరు. నాది దొంగ సరుకు. నువ్వు రాలేదని ఉన్నదున్నట్టు చెప్పావు, ఆపాటి ధైర్యం నాకు లేకపోయింది.

బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక పన్నెండో అధ్యాయం చివరిదాకా చదువు. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు అడిగేది, లేదు అనిపించడానికే. ఆ వరసలోనే అద్భుతాలు, స్వస్థతల తర్వాత "ఉపకారములు చేయువారు" అని ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ మాట మీద ఒక్క ప్రసంగం నేను వినలేదు. మైకు ముందు చూపించుకునే వరం కాదు కదా!

నాయనమ్మ మంచాన పడ్డ రోజులు గుర్తున్నాయా? వీపు మీద పుండు పడితే నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి పోయేదాన్ని. నువ్వు అప్పటికి ఇంటర్ పిల్లవి. దూది తడిపి, కట్టు అంటుకున్న చోట లాగకుండా ఆగి, ఇంకాస్త తడిపి, "నాయనమ్మా, మీ పెళ్లికి ఎన్ని బండ్లు కట్టారు?" అని అడిగేదానివి. ఆవిడ బండ్లు లెక్కపెట్టేలోపు కట్టు ఊడొచ్చేది. పక్కకి తిప్పడానికి రాత్రిళ్లు రెండు గంటలకోసారి అలారం పెట్టుకున్నావు. పరీక్షలున్నాయి, నేను చూస్తాలే అంటే విన్నావా?

నువ్వు పుట్టిన కుగ్లర్ ఆస్పత్రి కథా ఇలాంటిదే. ఆన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికే డాక్టరు. డాక్టర్ని పంపడానికి అమెరికాలో వాళ్ల మిషన్ బోర్డు ఇంకా సిద్ధంగా లేక, ఆడవాళ్లకి చదువు చెప్పే పని మీద పంపింది. రోగులు ఆగుతారా? ఆవిడ చూడకుండా ఉంటుందా? రెండేళ్లకి వైద్యమే ఆవిడ పని అని బోర్డూ ఒప్పుకుంది. 1898లో ఆస్పత్రి లేచింది. 1930లో పోయేదాకా ఆవిడ పని ఇక్కడే.

ఇంత చెప్పానని నేను సరే అన్నట్టు కాదు. ఆ పౌలే, అప్పటికింకా సౌలు, దమస్కు దారిలో పిలుపు విన్నవాడే, అయినా అంతియొకయ సంఘం ఉపవాసముండి, చేతులుంచి పంపాకే ఓడెక్కాడు. నువ్వేమో స్నేహితురాళ్లతో మాట్లాడి రాజీనామా రాసేశావు. ముందు మన సంఘం పాస్టరు అయ్యగారితో మాట్లాడు. అక్కడ రాత్రి డ్యూటీలో ఇంకో ఆడమనిషి ఉంటుందా, జీతం ఎవరిస్తారు, నీకు జ్వరమొస్తే ఎక్కడ చూపిస్తారు, అన్నీ కాగితం మీద రాయించుకో. ఇది అవిశ్వాసం అంటే అనుకో.

అక్కడి కొండ ఊళ్లలో చాలామందిది కువి భాష. తెలుగుకి చుట్టమేనట. అది కూటంలో దిగిరాదమ్మా, నోటుబుక్కు పెట్టుకుని నేర్చుకోవాలి. గుంటూరుకి 1842లో వచ్చిన మిషనరీ హయ్యర్ దొరగారు కూడా మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటాక వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారు.

ఇంకోటి. ఒడిశాలో 1967 నుంచే బలవంతపు మతమార్పిడి మీద చట్టం ఉంది. చట్టం లేకపోయినా నేను ఇదే చెబుతాను: మాత్ర చేతిలో పెట్టి, దానికి బదులుగా ఎవరి దగ్గరా ఏదీ అడగొద్దు. నాయనమ్మ కట్టు మార్చినందుకు నువ్వేం అడిగావు?

శనివారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రా. ఈ ఉత్తరం సగంలో ఉండగా మీ నాన్న వచ్చి, గుంటూరు నుంచి రాయగడకి నేరుగా రైలుందట అన్నారు. టైమింగులు కూడా కాగితం మీద రాసుకున్నారు. చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నారు, నాకు చూపించడం లేదు.

అమ్మ