సభలో అడిగిన ప్రశ్న డ్రెయిను గట్టు దాకా రావాలి

సంపాదకులకు,

అయ్యా,

గత శాసనసభ సమావేశాల్లో మా ప్రాంతపు శాసనసభ్యుడు ఒకరు పొలాల్లోని నీటిని బయటికి పంపే కోనసీమ మురుగు కాలువల (డ్రెయిన్ల) గురించి జలవనరుల శాఖను ప్రశ్నించారన్న వార్త చూసి మా ఊరి రైతులం సంతోషించాం. ప్రశ్నోత్తరాల గంటలో పెద్ద పెద్ద విషయాల నడుమ ఒక మురుగు కాలువ ప్రస్తావన వినబడడమే అరుదు కనుక, ఆ మాట ఎత్తినందుకు వారికి ముందుగా కృతజ్ఞతలు చెప్పడం ధర్మం. అయితే సభలో వచ్చిన జవాబును ఒకటికి రెండుసార్లు చదువుకున్న తరువాత, ఆ ప్రశ్నను మరికొంత నిలదీసి అడిగి ఉంటే బాగుండేదని అనిపించి, ఆ సంగతి వారికీ ప్రభుత్వానికీ మీ పత్రిక ద్వారా విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

డ్రెయిన్లలో పూడిక పేరుకుపోయి సార్వా (ఖరీఫ్) పంట తరచూ ముంపునకు గురవుతున్న మాట వాస్తవమేనా, అయితే తీసుకున్న చర్యలేమిటి అన్నది ప్రశ్న సారాంశం. ఏటా పూడిక, గుర్రపుడెక్క తొలగిస్తున్నామని, భారీ వర్షాలు కురిసినప్పుడు మాత్రమే పల్లపు భూముల్లో నీరు నిలుస్తున్నదని, మిగిలిన పనుల ప్రతిపాదనలు పరిశీలనలో ఉన్నాయని జవాబు సారాంశం. ఇందులో ఒక్క మాటనూ అబద్ధమని నేను అనలేను. ఏటా తొలగిస్తూనే ఉన్నారు, మేము మునుగుతున్నదీ భారీ వర్షాలకే, ప్రతిపాదనలైతే నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ పరిశీలనలోనే ఉన్నాయి. అడిగినదానికి జవాబు వచ్చింది గాని చేలో నీరు మాత్రం కదలలేదు.

నేను ఉప్పలగుప్తం మండలంలో నాలుగెకరాలు సాగు చేసుకునే రైతును. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘంలో ఒక దఫా ప్రాదేశిక సభ్యుడిగా ఉన్నాను కనుక, కాలువ పనికి మంజూరు ఎప్పుడు వస్తుందో, యంత్రం ఎప్పుడు దిగుతుందో, కొలతలు ఎవరు ఎప్పుడు తీస్తారో కొంత దగ్గరగా చూసినవాడిని. ఆ అనుభవంతోనే ఒక మాట చెప్పగలను. పని జరిగిందా లేదా అన్నది మా దగ్గర సగం ప్రశ్న మాత్రమే, ఏ తేదీన జరిగిందన్నదే అసలైన సగం.

కిందటి ఏడు మా ఊరి డ్రెయిన్‌లోకి యంత్రం దిగింది జూన్ మూడో వారంలో. అప్పటికే కాలువలకు నీళ్లు వదిలారు, నారుమళ్లు పోశారు, డ్రెయిన్‌లో నడుము లోతు నీరు ఉంది. అడుగు కనబడని ఆ నీటిలో యంత్రం పైన తేలుతున్న డెక్కను, తూటికాడను ఎత్తి గట్టు మీద పోసిందే తప్ప, అడుగున పేరుకున్న ఒండ్రు జోలికి పోలేదు, పోవడానికి వీలూ లేదు. గట్టు మీది డెక్కలో సగం జూలై వానలకు జారి మళ్లీ నీళ్లలో పడి, దిగువన వంతెన కానాల (నీరు పోయే కంతల) దగ్గర చాపలా అల్లుకుపోయింది. ఊడ్పులు ముగిసి పట్టుమని పది రోజులు కాకుండానే నా చేను ఆరు రోజులు నీటిలో ఉండిపోయింది. వాన ఎక్కువగా కురిసిన మాట నిజం. రెండు రోజుల్లో దిగిపోవలసిన నీరు ఆరు రోజులు ఎందుకు నిలిచిందన్నదానికి మాత్రం వాన జవాబు కాదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ముంపును కొంతవరకు ఓర్చుకునే వంగడాలు ఇచ్చింది గాని, వారాల తరబడి నీటిలో బతికే వరిని ఎవరూ ఇవ్వలేరు. రెండోసారి నారు కొని ఊడ్చేటప్పుడు కూలి రేటు మొదటిసారి ఉన్నంత ఉండదని కూడా ఇక్కడి వారందరికీ తెలుసు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి, 1982లో కొత్త బ్యారేజీ వచ్చిన తరువాత కూడా, మన చూపంతా నీళ్లు తెచ్చే కాలువ మీదనే ఉంది. గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి పది లక్షల ఎకరాలకు పైగా పారే ఆ కాలువలకు లాకులు, తూములు, గేజీలు, కాలువ కనిపెట్టి చూసే లస్కర్లు, వంతులవారీ లెక్కలు అన్నీ ఉన్నాయి. ఆ నీటిని, దానితోపాటు వాన నీటిని సముద్రానికి చేర్చవలసిన డ్రెయిన్‌కు మాత్రం గట్టు వెంట తిరిగి చూసే మనిషి అరుదు. ఈ లోపాన్ని పెద్దలు గుర్తించకపోలేదు. 1960వ దశకంలోనే మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. డ్రెయిన్ల బాగు కోసమే 1968లో ప్రత్యేకంగా డ్రెయినేజీ సెస్సు చట్టం చేసి రైతుల మీద సెస్సు కూడా వేశారు. అంటే మురుగు పోవడానికి అయ్యే ఖర్చులో రైతు తన వంతు భరించాలన్న సూత్రం అరవై ఏళ్ల కిందటే స్థిరపడింది. ఆ తరువాత మురుగు ఎంత బాగా పోతున్నదో మా చేలు చెబుతున్నాయి.

డెల్టాలో పని చేయగలిగిన రోజులు బహు తక్కువ. దాళ్వా (రబీ వరి) కోతలకు వచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్ మొదట్లో మళ్లీ వదులుతారు. కాలువ ఊట, చేల నుంచి దిగే నీరు ఆగి డ్రెయిన్ అడుగు బయటపడేది ఆ ఆరేడు వారాలలోనే. దాళ్వా ఆలస్యమైతే అందులోనూ కోత పడుతుంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మంజూరైన డెల్టా ఆధునికీకరణ పనులు అనుకున్నట్టు సాగకపోవడానికి ఉన్న కారణాలలో ఈ గడువు చాలకపోవడం ఒకటి. దాళ్వా మానుకుని పనులకు దారి ఇవ్వండంటే రైతు ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో నేనూ ఒప్పుకోలేదు. అందువల్ల ఉన్న ఆరు వారాలను ఒక్క రోజు వృథా కాకుండా వాడుకోవడం ఒక్కటే దారి. కాలువలు కట్టేసిన తరువాత అంచనాలు వేసి, ఆ పైన టెండర్లు పిలిచి, ఒప్పందాలు కుదిరేసరికి రోహిణి కార్తె దాటిపోతుంటే, ఆ ఆరు వారాలూ కాగితాల మీదనే కరిగిపోతున్నాయన్న మాట. నీటిపారుదల సలహా మండలి సమావేశంలో కాలువలు కట్టే తేదీ నిర్ణయించే నాటికే పని ఎవరిదో తేలి ఉండాలని, యంత్రం గట్టు మీద సిద్ధంగా ఉండాలని అడగడానికి ప్రత్యేకమైన పరిజ్ఞానమేమీ అక్కరలేదు. ఆ సమావేశంలో శాసనసభ్యులు కూడా కూర్చుంటారు.

ఇక మొగల సంగతి, అంటే డ్రెయిన్లు సముద్రంలో కలిసే చోట్ల సంగతి. సముద్రానికి దగ్గరగా ఉన్న మా పల్లపు ఊళ్లలో డ్రెయిన్ నీరు పోయేది ఆటు సమయంలోనే. పోటు వచ్చిందంటే సముద్రమే పైకి ఎదురొస్తుంది. అలలు తెచ్చిపోసిన ఇసుకతో మొగ పూడిపోతే ఆటులోనూ నీరు దిగదు. సముద్రంలో కాక నదీపాయల్లో కలిసే డ్రెయిన్లకు ఏటిగట్టులో స్లూయిజులు ఉంటాయి గాని, గోదావరి వరద మీద ఉన్నన్నాళ్లూ వాటి తలుపులు దించి ఉంచక తప్పదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో లంకలు మునగడం లోకమంతా చూసింది, గట్టుకు ఇవతల వాన నీరు బయటికి పోయే దారి లేక నిలిచిపోవడం మాత్రం చూసినవారు తక్కువ. మరోవైపు మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్‌లోకి పోటు నీరు ఎగదన్ని వచ్చి, కాపు మీద ఉన్న కొబ్బరిచెట్లు మొవ్వులు ఎండి మోడులైపోయాయి. ఒకచోట నీరు బయటికి పోక, మరొకచోట ఉప్పునీరు లోపలికి వచ్చి రైతు నష్టపోతుంటే, రెండింటికీ కలిపి పూడిక తీస్తున్నామని ఒకే జవాబు చెప్పడం సరికాదు. ఒండ్రును యంత్రం తీస్తుంది. మొగను ఏ రుతువులో ఎలా తెరవాలో, పోటును ఎక్కడ అడ్డుకోవాలో తేల్చడానికి ముందు సముద్రపు తీరుతెన్నులు ఎరిగిన నిపుణుల పరిశీలన కావాలి. మంత్రిగారి జవాబులో మొగ అన్న మాటే లేదు, నిజానికి ప్రశ్నలోనూ లేదు.

అందుకే శాసనసభ్యుడికి నా మొదటి విన్నపం ప్రశ్న తీరు గురించి. వాస్తవమేనా, కారణాలేమిటి, చర్యలేమిటి అని మూడు ముక్కల్లో అడిగినంత కాలం మూడు ముక్కల్లోనే జవాబు వస్తుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేసే అవకాశం కూడా సభ్యుడికి ఉంది. ఆ కొద్ది నిమిషాలను ప్రభుత్వానికి ధన్యవాదాలు చెప్పడంలోనో పాత ప్రభుత్వాన్ని తిట్టడంలోనో ఖర్చు చేయకుండా, ఫలానా డ్రెయిన్‌లో ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు దాకా పని జరిగింది, యంత్రం దిగిన తేదీ ఏది, పనికి ముందు అడుగు మట్టం ఎంత, తరువాత ఎంత, తీసిన ఒండ్రు ఎక్కడ పోశారు అని అడిగితే, జవాబు చెప్పే అధికారి ఆ గట్టు మీదికి వెళ్లి చూసి రాక తప్పదు. సభలో మంత్రి చేస్తామన్న మాట ఏమైందో కనిపెట్టడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. పరిశీలనలో ఉంది అన్న మాటను అంతటితో వదలక, ఎప్పటిలోగా అని రాబట్టి హామీగా నమోదు చేయిస్తే ఆ కమిటీకి కూడా పని దొరుకుతుంది. వచ్చిన జవాబు ప్రతిని సంబంధిత గ్రామ సచివాలయాల్లో అంటించాలి. చదివిన రైతు గట్టు వెంట నడిచి అది నిజమో కాదో గంటలో తేల్చగలడు.

మా తప్పులు దాచుకుని ప్రభుత్వాన్ని మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. డ్రెయిన్ గట్టును తవ్వి చేలో కలుపుకున్నవారు, చేపల కోసం అడ్డంగా వలకట్లు వేసి నీటి వేగం చంపుతున్నవారు, రొయ్యల చెరువుల ఉప్పునీటిని పంట పొలాల మురుగులోకి వదులుతున్నవారు మాలోనే, మా బంధువుల్లోనే ఉన్నారు. వాటిని తొలగించడానికి వచ్చిన సిబ్బందికి మొదటి ఫోను నాయకుల దగ్గర నుంచే వస్తుందన్నది ఊరంతా ఎరిగిన విషయం. సభలో డ్రెయిన్ గురించి ప్రశ్నించిన గొంతు ఆ ఫోనులో వినబడకుండా ఉండాలని కోరుకోవడంలో తప్పు లేదనుకుంటాను.

2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలు బీడు పెట్టి పంట విరామం పాటించినప్పుడు ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. మద్దతు ధర, కూలీల కొరతతోపాటు ఆనాడు మేము మొరపెట్టుకున్నవాటిలో మురుగు కూడా ఉంది. సార్వా సకాలంలో ఊడ్చి, అక్టోబరు చివరికల్లా గట్టెక్కించాలని అధికారులు మాకు ఏటా చెబుతారు, చెప్పడం సబబే. 1996 నవంబరు 6 నాటి తుపానును కళ్లారా చూసినవాళ్లం, 2025 అక్టోబరు చివర మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు పొట్ట మీద ఉన్న చేను పడిపోవడం చూసినవాళ్లం, ముందస్తు సాగు విలువ మాకు కొత్తగా నేర్పనక్కరలేదు. కానీ జూలైలో మునిగి ఆగస్టులో మళ్లీ ఊడ్చిన చేను అక్టోబరుకు ఎలా కోతకొస్తుంది? పంట కాలం ముందుకు జరగాలంటే డ్రెయిన్ పని మే నెలలో ముగియాలి, ఈ రెండూ ఒకే లెక్క.

మా ఊరి పరిధిలో డ్రెయిన్ ఎక్కడెక్కడ పూడిపోయింది, ఏ వంతెన కానాలు మూసుకుపోయాయి, గట్టు ఎక్కడ తెగింది అన్న వివరాలను కిలోమీటరు రాళ్ల వారీగా మేము పదకొండు మంది రైతులం నడిచి రాసుకున్నాం. ఆ కాగితాన్ని శాసనసభ్యుడి కార్యాలయంలో గత సోమవారం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. వచ్చే సమావేశాలకు ప్రశ్న పంపేటప్పుడు అందులోని అంకెలు వాడుకోవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక రైతు,
ఉప్పలగుప్తం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.